కేకల కింద దొరికిన పాట

బీటిల్స్ బృందం కచేరీలు మానుకోవడానికి చాలా కారణాలు చెబుతారు. ఊపిరి సలపని ప్రయాణాలు, ఫిలిప్పీన్స్‌లో ఎదురైన దౌర్జన్యం, అమెరికాలో వచ్చిన బెదిరింపులు, స్టూడియోలో చేస్తున్న కొత్త తరహా సంగీతాన్ని వేదిక మీద పలికించలేకపోవడం. వీటికి తోడు అచ్చంగా భౌతికశాస్త్రానికి చెందిన కారణం మరొకటుంది. వాళ్లు పాడుతున్నది వాళ్లకే వినిపించేది కాదు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే ఆ నలుగురు లివర్‌పూల్ కుర్రాళ్లు వేదిక ఎక్కకముందే అభిమానులు కేకలు అందుకునేవారు. వాళ్లు దిగి వెళ్లిపోయాక కూడా ఆపేవారు కాదు.

ఆ కచేరీ యాత్రల మీద హాలీవుడ్ దర్శకుడు రాన్ హోవార్డ్ తీసిన డాక్యుమెంటరీ 'ది బీటిల్స్: ఎయిట్ డేస్ ఎ వీక్ - ది టూరింగ్ ఇయర్స్' 2016 సెప్టెంబరులో విడుదలైంది. ఉత్తమ సంగీత చిత్రంగా గ్రామీ అవార్డు కూడా అందుకుంది. లివర్‌పూల్‌లోని కేవర్న్ క్లబ్ రోజుల నుంచి 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో జరిగిన ఆఖరి టికెట్ కచేరీ దాకా సాగే కథ అది.

కచేరీల గురించి తీసిన సినిమాలో కచేరీ వినిపించాలి కదా. చేతికి దొరికిన టేపుల్లోనేమో పాటకంటే కేకలే ఎక్కువ. 1965లో మైదానంలో కూర్చున్నవాళ్లు సరిగా వినలేనిదాన్ని, వేదిక మీద ఉన్నవాళ్లే వినలేనిదాన్ని యాభై ఏళ్ల తర్వాత సినిమా హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి వినిపించడం ఎలా? దీనికి జవాబు వెతికే క్రమంలో చెవి ఎలా పనిచేస్తుందో, టేపు ఏం దాచుకుంటుందో, కంప్యూటరు ధ్వనిని ఎలా చూస్తుందో అన్నీ తెలుసుకోవాల్సి వస్తుంది.

వంద వాట్లు, యాభై అయిదు వేల గొంతులు

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియానికి 55,600 మంది వచ్చారు. అది బేస్‌బాల్ లాంటి ఆటల కోసం కట్టిన మైదానం. బ్రిటన్‌లోని సినిమా హాళ్లలో పాడిన తొలి రోజుల్లో వోక్స్ కంపెనీ వారి 30 వాట్ల యాంప్లిఫయర్లతో పని జరిగిపోయింది. అమెరికాలోని పెద్ద మైదానాల కోసం ఆ కంపెనీ 100 వాట్ల యాంప్లిఫయర్లు చేసి ఇచ్చింది. గొంతులు మాత్రం ఆటలప్పుడు ప్రకటనలు చదివే స్టేడియం స్పీకర్లలోంచే వెళ్లాయి.

ముప్ఫై వాట్లు వంద అయ్యాయంటే శబ్దం మూడింతలు పెరిగిందనుకుంటాం. చెవి లెక్క వేరు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లాగరిథమ్ కొలమానం. శక్తి పదింతలైతే పెరిగేది 10 డెసిబెల్‌లు. వినేవాడికి శబ్దం సుమారు రెట్టింపైందని తోచాలంటే ఆ పదీ కావాలి. 30 వాట్ల నుంచి 100 వాట్లకు వెళితే దక్కేది 5 డెసిబెల్‌లే. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్‌లు తగ్గిపోతాయి. యాంప్లిఫయర్‌కు ఇరవై మీటర్ల దూరంలో ఉన్నవాడు నలభై మీటర్లకు జరిగితే చాలు, కొత్త యంత్రం తెచ్చిన లాభమంతా హరించుకుపోతుంది.

కేకల వైపు లెక్క చూడండి. ఒకరు అరిచేచోట పదిమంది అరిస్తే 10 డెసిబెల్‌లు, వందమంది అరిస్తే 20, వెయ్యిమంది అరిస్తే 30 పెరుగుతాయి. పైగా గిటారు స్పీకరు ఎక్కడో మైదానం నడుమ ఉంది, అరిచే గొంతు పక్క కుర్చీలోనే ఉంది. ఈ పోటీలో వంద వాట్లు గెలిచే వీలే లేదు.

బలంతో పాటు కేకకు స్థానబలం కూడా ఉంది. మన చెవి కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒక చివర కర్ణభేరితో మూసుకుని ఉండే ఆ గొట్టం 3,000 హెర్ట్జ్ పరిసరాల్లోని ధ్వనులకు అనునాదం చెందుతుంది. అందుకే 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య మన వినికిడి అన్నిటికంటే చురుగ్గా ఉంటుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్‌సన్ 1933లో ఈ సంగతిని రేఖాచిత్రాలుగా గీసి చూపించారు. పదిహేనేళ్ల పిల్ల గొంతు చించుకుని అరిచే కేకలో బలం చాలావరకు ఈ మేరలోనే పోగుపడి ఉంటుంది. పాటలో మాట స్పష్టంగా తెలియడానికి అవసరమైన హల్లుల ధ్వనులు కూడా ఇక్కడే ఉంటాయి.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తంలో ఒక పలుచని పొర ఉంటుంది. ఒక్కో పౌనఃపున్యానికి ఆ పొర మీద ఒక్కో చోటు ఎక్కువగా కదులుతుంది. దీన్ని కనిపెట్టిన గియార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే చోటు కోసం రెండు ధ్వనులు పోటీపడితే పెద్దది చిన్నదాన్ని మరుగున పడేస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని మాస్కింగ్ అంటారు. పాట ఆ గాలిలోనే ఉంది, చెవిదాకా వచ్చింది కూడా. లోపల నిలబడటానికే దానికి చోటు దక్కలేదు.

కేక మనసును లాగేసే తీరు మీదా పరిశోధన జరిగింది. కేక మోత సెకనుకు 30 నుంచి 150 సార్లు వేగంగా ఎగసి పడుతుందని, ఆ గరుకుదనమే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగాన్ని మేల్కొలుపుతుందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆ లక్షణం మామూలు మాటల్లో అంతగా కనిపించదు. అంటే వేల కేకల మధ్య కూర్చుని పాటమీద ధ్యాస నిలపడం శరీర ధర్మానికే ఎదురీదడం.

వేదిక మీద చెవిటితనం

ఇవాళ ఏ కచేరీకి వెళ్లినా గాయకుల కాళ్ల ముందు వాళ్ల వైపే తిరిగి ఉన్న స్పీకర్లు కనిపిస్తాయి. లేకపోతే చెవుల్లో చిన్న పరికరాలుంటాయి. తన గొంతు, తోటివారి వాయిద్యం తనకు వినిపించడానికి చేసుకున్న ఏర్పాటు అది. బీటిల్స్ తిరిగిన రోజుల్లో ఇలాంటి మానిటర్లు లేవు. గాయకుడికి తన పాట వినపడాలంటే స్టేడియం స్పీకర్లలోంచి వెళ్లిన గొంతు గోడలకు కొట్టుకుని వెనక్కి రావాలి.

అది సమయానికి రాదు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అరవై మీటర్ల దూరంలో ఉన్న స్టాండ్‌కు తగిలి తిరిగి రావాలంటే 120 మీటర్ల ప్రయాణం, అంటే సుమారు 0.35 సెకను. నిమిషానికి 140 దరువులతో సాగే హుషారు పాటలో దరువుకూ దరువుకూ మధ్య వ్యవధి 0.43 సెకను. వెనక్కి వచ్చిన పాట తరువాతి దరువు మీద పడబోతూ ఉంటుంది. దాన్ని నమ్ముకుని పాడితే తాళం తప్పడం ఖాయం.

డ్రమ్స్ వాయించే రింగో అందరికంటే వెనక కూర్చునేవాడు. ముందున్న ముగ్గురి తల ఊపు, నడుము కదలిక, పాదం వేసే తాళం చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడినని ఆయన చెప్పుకున్నాడు. చెవులు చేయాల్సిన పని కళ్లతో చేశాడన్నమాట. ఆ టేపులను ఇప్పుడు వింటే నలుగురూ ఎంత పొందికగా వాయించారో తెలుస్తుంది. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి కలిసి వాయించిన సాధన ఆ పొందికలో పలుకుతుంది.

చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లాంబార్డ్ 1911లో ఈ విషయాన్ని నమోదు చేశాడు కాబట్టి దీనికి ఆయన పేరే ఉంది. స్టేడియంలో ఇది రెండువైపులా పనిచేసింది. పక్కవాళ్ల కేక వల్ల ప్రతి అభిమానీ ఇంకాస్త గట్టిగా అరిచాడు. ఆ మోతను దాటాలని గాయకులు గొంతు చించుకున్నారు. ఆగే చోటంటూ లేని పోటీ అది.

టేపు మీద మిగిలింది

షే స్టేడియం కచేరీని పదికి పైగా కెమెరాలతో 35 మిల్లీమీటర్ల ఫిలిం మీద చిత్రించారు. తీరా చూస్తే ధ్వని టెలివిజన్‌కు పనికొచ్చేలా లేదు. 1966 జనవరి 5న బీటిల్స్ నలుగురూ లండన్‌లోని సి.టి.ఎస్. స్టూడియోకు వెళ్లి, తెరమీద తమ బొమ్మలను చూసుకుంటూ కొన్ని పాటలను మళ్లీ పాడి వాయించారు. ప్రేక్షకులు చూసింది షే స్టేడియం, విన్నదాంట్లో కొంత లండన్ స్టూడియో. ఆనాటి టెలివిజన్ అవసరాలకు అది మామూలు సంగతే.

లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్ టేపులది మరో కథ. కొండ ఒడిలో ఉన్న ఆ ఆరుబయలు రంగస్థలంలో 1964 ఆగస్టు 23న, మళ్లీ 1965 ఆగస్టు 29, 30 తేదీల్లో బీటిల్స్ పాడారు. కాపిటల్ రికార్డ్స్ సంస్థ అర అంగుళం వెడల్పు టేపు మీద మూడు ట్రాకుల్లో వాటిని రికార్డు చేసింది. 29వ తేదీ కచేరీలో మొదట్లో పాల్ మైకు పనిచేయలేదు. మిగతా రోజుల టేపుల్లో పాట ఉంది గానీ దానిమీద వేలమంది కేకలు పరుచుకుని ఉన్నాయి. బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ ఆ టేపులు విని, ఆల్బంగా తేవడానికి పనికిరావని తేల్చేశాడు. అవి బీరువాలోకి వెళ్లిపోయాయి.

పుష్కరం గడిచాక వాటిని మరోసారి విని చూడమని మార్టిన్‌ను అడిగినవాడు కాపిటల్ సంస్థ అధ్యక్షుడు భాస్కర్ మీనన్. తిరువనంతపురంలో పుట్టి అంతర్జాతీయ సంగీత వ్యాపారంలో పెద్ద పీఠం ఎక్కిన భారతీయుడాయన. మూడు ట్రాకుల టేపును ఆడించే యంత్రాలు అప్పటికే మూలపడ్డాయి. దొరికిన ఒక్క పాత యంత్రం కాసేపు తిరిగితే వేడెక్కిపోయేది. ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌తో కలిసి మార్టిన్ వాక్యూమ్ క్లీనర్‌తో దాని మీదికి చల్లగాలి ఊదుతూ టేపులోని ధ్వనిని కొత్త టేపు మీదికి ఎక్కించాడు. 1977లో ఆల్బం వచ్చింది. కేకలూ వచ్చాయి. ట్రాకు ట్రాకులోనూ కేక కలిసి ఉన్నప్పుడు పాట మీట పెంచితే కేకా పెరుగుతుంది, కేక తగ్గిస్తే పాటా తగ్గుతుంది. అప్పటి పరికరాలకు అంతకుమించి సాధ్యం కాలేదు.

ధ్వనికి బొమ్మ గీసి

పాలూ నీళ్లూ కలిపి పోస్తే హంస పాలనే తాగి నీళ్లను వదిలేస్తుందని మన కవిసమయం. కలిసిపోయిన ధ్వనులను విడదీయడం కూడా చాలాకాలం అలా చెప్పుకోవడానికే తప్ప చేతకాని పనిగానే ఉండేది. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో సాఫ్ట్‌వేర్ పనిచేసే జేమ్స్ క్లార్క్ అనే ఇంజనీరు దీనికోసం ఒక ప్రోగ్రాం రాశాడు. దాని సాయంతోనే జార్జ్ మార్టిన్ కుమారుడు గైల్స్ మార్టిన్, ఇంజనీరు శామ్ ఓకెల్ కలిసి హాలీవుడ్ బౌల్ టేపులను కొత్తగా మిక్స్ చేశారు. 'లైవ్ ఎట్ ది హాలీవుడ్ బౌల్' 2016 సెప్టెంబరు 9న, డాక్యుమెంటరీకి కొద్దిరోజుల ముందు వచ్చింది. అదే ఏడాది మార్చిలో జార్జ్ మార్టిన్ కన్నుమూశాడు.

ఇలాంటి పద్ధతుల వెనకున్న సూత్రం చూద్దాం. మామూలు ఫిల్టరు ఎందుకు పనికిరాదో మొదట తెలియాలి. కేక బలంగా ఉన్న మేరను కోసేస్తే పాటలోని హల్లులూ పోతాయి, గిటారు మెరుపూ పోతుంది. కోయాల్సింది ఒకేచోట ఉన్న రెంటిలో ఒకదాన్ని. దానికి పౌనఃపున్యం ఒక్కటీ చూస్తే చాలదు, కాలాన్ని కూడా కలిపి చూడాలి.

అందుకోసం ధ్వనిని బొమ్మగా మారుస్తారు. సి.డి. నాణ్యతలో ఒక సెకను ధ్వని అంటే 44,100 అంకెలు. వాటిలోంచి 4,096 అంకెల చిన్న ముక్కను, అంటే సెకనులో పదోవంతుకు కాస్త తక్కువ కాలాన్ని, తీసుకుని అందులో ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత ఉన్నాయో ఫోరియర్ గణితంతో లెక్కగడతారు. ఒక ముక్కకు సుమారు రెండువేల వరుసలు వస్తాయి. ముక్కను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ పోతే సెకనుకు 43 నిలువు పట్టీలు తయారవుతాయి. కింద కాలం, పక్కన పౌనఃపున్యం, గడి రంగులో బలం. ఈ బొమ్మ పేరు స్పెక్ట్రోగ్రామ్. మూడు నిమిషాల పాట ఇందులో దాదాపు ఒక కోటీ అరవై లక్షల గళ్లుగా పరుచుకుంటుంది.

బొమ్మ చూడటం వచ్చినవాడికి ఏది ఏమిటో తెలిసిపోతుంది. గిటారు తీగ మీటితే 110 హెర్ట్జ్ మూలస్వరం, దానిపైన 220, 330, 440 అంటూ సమానమైన ఎడంతో అనుస్వరాలు, అన్నీ అడ్డగీతలుగా సాగుతాయి. డ్రమ్ము మీద కర్ర పడిన క్షణంలో అన్ని పౌనఃపున్యాలూ ఒక్కసారిగా లేచి పడతాయి కాబట్టి అది నిలువు గీత. గొంతు కూడా అడ్డగీతల దొంతరే అయినా సంగతి వేసినప్పుడల్లా ఆ దొంతర మొత్తం వంపు తిరుగుతుంది. వేల కేకలు కలిసినప్పుడు మాత్రం ఏ గీతా నిలవదు. ఒక్కో కేకకు స్వరం ఉంటుంది గానీ, వేల స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి, పైమేరలో ఒక మబ్బు పట్టీలా అలుముకుంటాయి.

కంటికి తెలిసే ఈ తేడాను లెక్కలోకి తేవాలి. 1999లో డేనియల్ లీ, సెబాస్టియన్ సుంగ్ 'నేచర్' పత్రికలో ప్రచురించిన ఒక గణిత పద్ధతి ఇందుకు బాగా అక్కరకొచ్చింది. పెద్ద బొమ్మను కొన్ని చిన్న నమూనాల మొత్తంగా చూడటం అందులోని కిటుకు. ఒక్కో నమూనా ఏ పౌనఃపున్యాల కూర్పో ఒక పట్టిక చెబుతుంది. అది ఎప్పుడు ఎంత బలంగా మోగిందో మరో పట్టిక చెబుతుంది. షరతు ఒక్కటే, ఏ అంకే సున్నాకంటే తక్కువ కాకూడదు. ధ్వనులు కలిసినప్పుడు బలాలు పోగవుతాయనే ఉజ్జాయింపు మీద నడిచే లెక్క ఇది. కంప్యూటరు ఊహించడం, అసలు బొమ్మతో పోల్చడం, సరిదిద్దుకోవడం, ఇలా వేలసార్లు తిరిగి కొన్ని నమూనాలు గిటారువి, కొన్ని డ్రమ్స్‌వి, కొన్ని కేకవి అని తేల్చుకుంటుంది.

ఆ తర్వాత ఆ కోటీ అరవై లక్షల గళ్లలోనూ గడి గడికీ ఒక వాటా వేస్తారు. ఈ గడిలో గొంతు అరవై పాళ్లు, కేక ముప్ఫై, గిటారు పది అన్నట్టు. ఆ వాటాలను బట్టి బొమ్మను పంచి, ఒక్కోదాన్ని మళ్లీ ధ్వనిగా మారుస్తారు. పంపకం నూటికి నూరుపాళ్లు నిజం కాదు. అది అంచనా. వాటా తప్పిన చోట గొంతు వణుకుతుంది, లోహపు కీచు వినిపిస్తుంది. అందుకే కేకను పూర్తిగా తీసేయరు. విడిగా పెట్టుకుని, తగ్గించి, మళ్లీ పాట కిందకు చేరుస్తారు. ఆ కేక అతుకులను కప్పుతుంది, ఆ సాయంత్రపు గాలినీ మిగులుస్తుంది. పాత ఆల్బంను, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి వింటే ముందుగా తెలిసేది రింగో చేతుల బలం. డ్రమ్స్ నేలమీద కాళ్లు ఊని నిలబడ్డట్టు వినిపిస్తాయి.

మూగ ఫిలింకు మాట

ధ్వని కథ అలా ఉంటే, బొమ్మల కోసం మరో వేట సాగింది. యాత్రల్లో తీసిన అరుదైన ఫిలిం, ఫోటోలు ఇమ్మని నిర్మాతలు అభిమానులను బహిరంగంగా అడిగారు. టెలివిజన్ సంస్థల భాండాగారాలు వెతికారు. 1963 నవంబరులో మాంచెస్టర్‌లో పాథే సంస్థ రంగుల్లో తీసిన చిత్రం, 1964 ఫిబ్రవరిలో వాషింగ్టన్ కొలీజియంలో రికార్డు చేసిన వీడియో టేపు, 1966లో టోక్యో బుడోకాన్ కచేరీని జపాన్ టెలివిజన్ రంగుల్లో పట్టిన దృశ్యాలు ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో విలువైనవి. హాలీవుడ్ బౌల్ జనంలో ఉన్న ఒక అమ్మాయి తర్వాత నటి సిగర్నీ వీవర్‌గా ప్రసిద్ధికెక్కింది. ఆ రోజటి ఫిలింలో ఆమె ముఖాన్ని పట్టుకుని సినిమాలో చూపించారు.

అభిమానులు తీసిన 8 మిల్లీమీటర్ల ఫిలింలో ధ్వని ఉండదు. ఎక్కడో దొరికిన టేపును ఎవరో తీసిన మూగ బొమ్మకు జతచేయాలి. చూడటానికి తేలిక, చేయడానికి కష్టం. అప్పటి ఇంటి కెమెరాల్లో చాలావాటికి కీ ఇచ్చి తిప్పే స్ప్రింగు ఉండేది. స్ప్రింగు బిగువు తగ్గేకొద్దీ వేగం మారుతుంది. సెకనుకు 16 బొమ్మలు తీయాలని పేరే గానీ కచ్చితంగా అన్నే పడవు. వాటిని సెకనుకు 24 బొమ్మల సినిమాలోకి తేవాలంటే ప్రతి రెంటినీ మూడు చేయాలి.

పెదవికీ మాటకూ తేడా వస్తే మన కన్ను ఊరుకోదు. ధ్వని బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, జనం పసిగడతారు. వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్లదాకా తెలియదు. ప్రకృతిలో వెలుగు ముందు, ధ్వని వెనక వస్తాయి కాబట్టి ఆలస్యానికి మన మెదడు అలవాటుపడి ఉంది. ఫిలిం వేగంలో ఒక్క శాతం పొరపాటున్నా పన్నెండు సెకన్లకల్లా తేడా 120 మిల్లీసెకన్లకు చేరుతుంది. అందుకని ఎడిటర్ కొన్ని సెకన్లకొకసారి ఆధారం వెతుక్కోవాలి. కర్ర డ్రమ్మును తాకిన క్షణం, పెదవులు మూసుకునే ప, బ, మ లాంటి హల్లు, గిటారు మెడ మీద మారిన వేళ్లు, ఇవే ఆ ఆధారాలు.

టేపు వేగాన్నీ నమ్మలేం. వేగం ఆరు శాతం తగ్గితే శ్రుతి ఒక అరస్వరం దిగిపోతుంది. దీన్ని కనిపెట్టడానికి టేపులోనే ఒక గుర్తు ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్‌లది. పరికరాల్లోంచి చొరబడిన ఆ సన్నని ఝుంకారం టేపు మీద పడి ఉంటే, అది ఇప్పుడు ఎన్ని హెర్ట్జ్‌ల దగ్గర మోగుతోందో చూసి అసలు వేగం లెక్కకట్టవచ్చు. పనికిమాలిన రొదగా తుడిచేసేది కొలబద్దగా మారుతుంది.

షే స్టేడియం ఫిలింను 4కె స్థాయిలో బాగుచేసి, డాక్యుమెంటరీతో పాటు సినిమా హాళ్లలో అరగంట చిత్రంగా చూపించారు. అరగంటంటే 43,200 బొమ్మలు. ఒక్కో బొమ్మలో సుమారు 88 లక్షల చుక్కలు. గీతలు, దుమ్ము, వెలిసిన రంగులు, వణుకు సరిచేయడానికి యంత్రం సాయపడుతుంది. ఎగురుతున్న కాగితం ముక్కను దుమ్మనుకుని తుడిచేయకుండా చూసుకోవాల్సింది మాత్రం మనిషే.

క్యాండిల్‌స్టిక్ పార్కులో జరిగిన ఆఖరి కచేరీకి ధ్వని రూపంలో ఒక అపురూపమైన సాక్ష్యం మిగిలింది. పాల్ అడగడంతో బృందం పత్రికా వ్యవహారాలు చూసే టోనీ బారో చిన్న క్యాసెట్ రికార్డరు పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. ఒక వైపు అరగంటే పట్టే క్యాసెట్ అది. తిప్పి పెట్టే వ్యవధి లేక, చివరి పాట నడుమ టేపు అయిపోయింది.

నేర్చుకునే యంత్రాలు

2016 తర్వాత ఈ విద్య చకచకా ముందుకు సాగింది. దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో విడుదల చేసిన 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ కోసం ఎమీల్ డి లా రే నాయకత్వంలో ఒక బృందం న్యూరల్ నెట్‌వర్క్‌లను వాడింది. 1969 జనవరిలో ఒకే ట్రాకు మీద రికార్డైన సుమారు 150 గంటల ధ్వని వాళ్ల ముందుంది. ఈ పద్ధతిలో నమూనాలను మనం రాసివ్వం. విడివిడిగా రికార్డు చేసిన గిటార్లు, గొంతులు, డ్రమ్స్‌ను కలిపి యంత్రానికి వినిపిస్తారు. విడదీయమంటారు. సరైన జవాబు ముందే తెలుసు కాబట్టి తప్పిన మేరకు లోపలి అంకెలు సవరిస్తారు. అలా లెక్కలేనన్నిసార్లు సవరించాక, ఎన్నడూ వినని టేపులో కూడా ఏది గొంతో ఏది తీగో పోల్చుకుంటుంది.

జాన్ లెనన్ 1970ల చివర ఇంట్లో క్యాసెట్ మీద పాడి పెట్టుకున్న 'నౌ అండ్ దెన్' పాట 2023 నవంబరులో బయటికి రావడం ఈ విద్య వల్లనే. 1995లో మిగతా ముగ్గురూ దాన్ని పూర్తిచేయబోయి, పియానో కింద గొంతు కూరుకుపోయి ఉండటంతో వదిలేశారు. 2023లో గొంతు విడిగా దొరికింది. అప్పటికి జాన్, జార్జ్ ఇద్దరూ లేరు. కొత్తగా సృష్టించిన గొంతు కాదది. టేపు మీద ఉన్న జాన్ గొంతే.

ఇదే శక్తికి మరో ముఖం కూడా ఉంది. 1969లో కెమెరాల ముందు ఏకాంతంగా మాట్లాడుకోవాలనుకున్నప్పుడు బీటిల్స్ గిటారు వాయిస్తూ ఆ చప్పుడు చాటున మాట్లాడుకునేవారని జాక్సన్ చెప్పాడు. యంత్రం గిటారును తీసేసి ఆ మాటలను వినిపించింది. చరిత్రకారుడికి అది నిధి. కప్పుకున్న మాటను విప్పడానికి ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్న ఇక ముందు ప్రతి డాక్యుమెంటరీ దర్శకుడికీ ఎదురవుతుంది.

ఎంత కేక ఉంచాలి?

1966లో సి.టి.ఎస్. స్టూడియోలో జరిగిందీ, 2016లో ఆబీ రోడ్‌లో జరిగిందీ ఒకే చిక్కుకు రెండు పరిష్కారాలు. మొదటిదాంట్లో జరిగినదాని స్థానంలో మరోటి పెట్టారు. రెండోదాంట్లో జరిగినదాన్నే వెలికితీశారు. డాక్యుమెంటరీకి ఈ తేడా ప్రాణం లాంటిది. ఆ సాయంత్రం తీగ మీద పడిన వేలు, ఆ సాయంత్రం జీరపోయిన గొంతు, తప్పిన స్వరంతో సహా, మనకు చేరాలి.

కేకను ఎంత ఉంచాలన్నది మాత్రం లెక్కలు తేల్చని విషయం. మొత్తం తీసేస్తే అది స్టూడియో పాటవుతుంది, చరిత్ర కాదు. షే స్టేడియానికి తల్లి చేయి పట్టుకుని వెళ్లిన నల్లజాతి అమ్మాయి వూపీ గోల్డ్‌బర్గ్ తర్వాతి కాలంలో పెద్ద నటి అయి, ఈ సినిమాలో ఆ రోజు గురించి మాట్లాడింది. 1964 సెప్టెంబరు 11న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో తెల్లవారినీ నల్లవారినీ వేరుచేసి కూర్చోబెడితే పాడబోమని బీటిల్స్ పట్టుబట్టారు. కచేరీ అందరూ కలిసి కూర్చునే జరిగింది. ఆ గుంపులో ఉన్న కిటీ ఆలివర్ తర్వాత చరిత్రకారిణి అయి, ఆ అనుభవాన్ని సినిమాలో పంచుకున్నారు. ఇలాంటి మనుషుల గొంతులు కూడా ఆ కేకలో ఉన్నాయి. దాన్ని రొద అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అందుకే పాట వినిపించేలా కేకను తగ్గించి, కచేరీ మిగిలేలా ఉంచిన ఆ తూకం శాస్త్రానికీ కళకూ సమానంగా చెందుతుందని నా నమ్మకం.

ఈ కథలో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. హాలీవుడ్ బౌల్ టేపులు పనికిరావని 1960ల్లోనే తేలింది. అయినా ఎవరూ పారేయలేదు. 1977 పరికరం కొంత తీసింది, 2016 పరికరం ఇంకా తీసింది. రేపటిది మరికొంత తీస్తుంది. అసలు టేపు ఉన్నంతకాలమే ఈ దారి తెరిచి ఉంటుంది. మన దగ్గర ఈ స్పృహ ఆలస్యంగా వచ్చింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఇవాళ మనకు దొరకదు. ఎసిటేట్ ఫిలిం, టేపు తేమకూ వేడికీ ఎసిటిక్ ఆమ్లం వదులుతూ ముడుచుకుపోతాయి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వచ్చిందంటే అది చావు కబురే. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిలిం పరిరక్షణ మీద శిక్షణ శిబిరం నడిపింది. అలాంటివి ఇంకా ఎన్నో జరగాలి.

మన ఊళ్లలో నాటకాల పద్యాలు, హరికథలు, గుడి ఉత్సవాల కచేరీలు రికార్డు చేసిన క్యాసెట్లు ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. జనం గోల, "వన్స్ మోర్" కేకలు, మైకు గీ అనడం, వీటి కింద హార్మోనియం, గొంతు. వినడానికి బాగాలేదని వాటిని పారేయకండి. మంచి యంత్రం మీద ఆడించి, రొద తగ్గించకుండా, ఏ మెరుగూ పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు కుదించని డిజిటల్ ఫైలుగా దాచండి. పైన తేదీ, ఊరు, పాడినవారి పేరు రాయండి. శుభ్రం చేసిన ప్రతి వస్తే దాన్ని వేరుగా, శుభ్రం చేసినదని చెప్పి ఉంచండి. అసలు క్యాసెట్‌ను చల్లగా, పొడిగా ఉండేచోట పెట్టండి. విడదీసే పని రేపటి ఇంజనీరుది. విడదీయడానికి ఏదో ఒకటి మిగిల్చే పని మాత్రం ఇవాళ మనదే.